ముక్కు మేస్త్రి చలికాలం

మా తమ్ముడి అసలు పేరు చెబితే వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. ముక్కు మేస్త్రి షెడ్డెక్కడ అని అడిగితే మాత్రం గుమ్మం దాకా తీసుకొచ్చి దిగబెడతారు. మా నాన్న ముక్కే వాడికీ వచ్చింది, మొహంలో సగం వాటా దానిదే. అయినా ఆ పేరు ముక్కు పొడుగు చూసి పెట్టింది కాదు, అది చేసే పని చూసి పెట్టింది. బండి పొగగొట్టం వెనక నిలబడి ఒక్కసారి గాలి పీల్చాడంటే, ఇంజను కడుపులోకి పెట్రోలు ఎక్కువ పోతోందో తక్కువ పోతోందో చెప్పేసేవాడు. కంప్యూటరూ పెట్టుకునేవాడు, కాదనను. కాకపోతే దాన్ని సాక్షి సంతకం కోసం పిలిచినట్టు పిలిచేవాడు.

ఇంట్లో ఆ ముక్కుతో మాకు నరకం. తడి తువ్వాలు మడతపెట్టి లోపల పెడితే పట్టేసేవాడు. కూర మూకుడుకి కాస్త అంటుకుంటే వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చేవాడు. "మనింట్లో కుక్క లేని లోటు ఈయన తీరుస్తున్నారు వదినా" అనేది మా మరదలు. నేను అక్కని కదా, తమ్ముణ్ణి కుక్క అంటే పైకి కోప్పడి లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

వాడి పనేమిటో నాకు తెలిసినంతలో చెబుతాను. చలి పొద్దున ఇంజను స్టార్ట్ చెయ్యడమంటే తడి కట్టెలతో పొయ్యి అంటించడమే. ఇనుమంతా చల్లబడి ఉంటే పెట్రోలు ఆవిరి కాదు, చుక్కలు చుక్కలుగా గొట్టాల గోడలకి అంటుకుపోతుంది. కాబట్టి మామూలుకన్నా బాగా ఎక్కువ పొయ్యాలి. మరీ ఎక్కువ పోస్తే నిప్పురవ్వే తడిసి ఆరిపోతుంది. పాత బండ్లకి దీనికోసం చోక్ అని ఒక పిడి ఉండేది. నడిపేవాడే దాన్ని లాగి, ఇంజను వేడెక్కినకొద్దీ లోపలికి తోసేవాడు. ఇప్పుడు పిడి పోయి పెట్టె వచ్చింది. ఆ పెట్టె ఇంజనులో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూసుకుంటుంది. ఇంత చలికి ఇంత పెట్రోలు అని తన దగ్గరున్న పట్టిక చూసి పెట్రోలు చిమ్మే పిచికారీలకి చెబుతుంది. కంపెనీ నుంచి వచ్చిన బండికి ఆ పట్టిక వాళ్ళే నింపి పంపుతారు. ఇంజను మార్చి కొత్త పెట్టె బిగించిన బండికి మాత్రం పట్టిక ఖాళీగా ఉంటుంది. దాన్ని నింపేవాడు మా తమ్ముడు. ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు మరో ఇద్దరున్నారు. చలికాలం బండ్లు మాత్రం అందరూ వీడి దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ఈ పనికొక దిక్కుమాలిన గుణం ఉంది. వేడి ఇంజనైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలు మార్చి మార్చి చూసుకోవచ్చు. చలి ఇంజను పొద్దుకొక్కసారే దొరుకుతుంది. తాళం తిప్పాక అంటుకుంటే వేడెక్కిపోతుంది, అంటుకోకపోతే లోపలంతా తడిసిపోతుంది. ఎలా అయినా ఆ రోజుకిక అది చలి ఇంజను కాదు. మళ్ళీ రాత్రంతా ఆరుబయట పడుకోబెట్టి, తెల్లారుతూనే వెళ్ళి తాళం తిప్పాలి. ఒక్క ప్రశ్న అడిగి, దాని జవాబు సరిగ్గా వినపడకపోతే, మళ్ళీ అడగడానికి రేపటిదాకా ఆగడమన్నమాట.

ఆ జవాబు వినేది ముక్కే. పొగగొట్టానికి ఒక సెన్సరు బిగిస్తారు, పొగ చూసి పెట్రోలు చిక్కగా పోతోందో పలచగా పోతోందో చెప్పే వస్తువు. కానీ అదీ చలికి బిగుసుకుపోయే ఉంటుంది. అది వేడెక్కి కళ్ళు తెరిచేదాకా తెర మీద అంకెకి బదులు గీతలుంటాయి. ఇంజను బతుకుతుందో చస్తుందో తేలేది సరిగ్గా ఆ కాసేపట్లోనే. ఆ కాసేపూ మా తమ్ముడు బండి వెనక వంగి, కళ్ళు మూసుకుని, ముక్కు ఒక్కటే పెట్టుకుని నిలబడేవాడు.

కిందటి చలికాలం మొదట్లో వాడికి జలుబూ జ్వరం పట్టుకున్నాయి. జ్వరం వారంలో పోయింది. పోతూ పోతూ ఏం పట్టుకుపోయిందో మాకు వెంటనే తెలియలేదు.

నాకు తెలిసింది పాల వల్ల. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మాడు కంపు గుప్పుమంది. లోపలికి పరిగెత్తి చూస్తే గిన్నెలో పాలు పొంగి, ఇగిరి, అడుగు బొగ్గయింది. వంటింట్లో నీలంగా పొగ. మా తమ్ముడు పొయ్యికి వీపు పెట్టి, ఆరడుగుల దూరంలో బల్ల ముందు కూర్చుని, పిచికారీ మూతికున్న మసి తుడుచుకుంటున్నాడు. చెవులున్నాయా, ఒళ్ళు తెలుస్తోందా అని దులిపేశాను. వాడు వెనక్కి తిరిగి పొగ చూసి ఉలిక్కిపడి లేచాడు. పొయ్యి ఆర్పాడు. గిన్నె పట్టుకుని దాని మీదికి మొహం వంచాడు, చాలాసేపు అలాగే ఉన్నాడు.

"రావట్లేదక్కా" అన్నాడు.

ఏం రావట్లేదో నేను అడగలేదు. ఎప్పట్నుంచని అడిగాను. జ్వరం తగ్గినప్పట్నుంచట. రోజూ పొద్దున్నే, ఇవాళ వస్తుంది ఇవాళ వస్తుంది అని చూసుకుంటున్నాడట. వీధిలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. చలికాలం వాడిది కాకుండా పోతుంది. వయసు మీదపడి చేతుల్లో బలం తగ్గుతున్న మనిషికి ఇంజన్లు దింపి ఎక్కించే పని ఇంకెంతకాలం సాగుతుంది? ఈ చలి పొద్దుల పనే కదా వాడికి మిగిలిన మర్యాద.

మరదలూ నేనూ చెరో చెయ్యీ పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి చెవి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముక్కులోకి లైటు వేసి చూసి, లోపల దెబ్బేమీ కనపడటం లేదు, వాసన పట్టే నరాలు జ్వరానికి సొమ్మసిల్లాయి, లేస్తే లేస్తాయి లేకపోతే లేదు అన్నాడు. మందు లేదన్నాడు. "అదృష్టవంతులండీ, కళ్ళకి రాలేదు" అని కూడా అన్నాడు. ముక్కుతో బతికేవాడికి చెప్పాల్సిన మాటేనా అది? వంటవాడికి నాలుక పోయిందంటే కాళ్ళు బాగున్నాయిగా అన్నట్టుంది. పెద్దదాన్ని కాబట్టి ఆ మాట అక్కడే అనేశాను. ఆయన నవ్వి, ఒక అలవాటు చేయించమన్నాడు. నాలుగు చిన్న సీసాల్లో నాలుగు ఘాటు వాసనలు పెట్టి, పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలట. నరానికి మళ్ళీ అక్షరాలు నేర్పించడమట.

మరదలు లవంగం, నిమ్మతొక్క, కాఫీపొడి, అల్లం సీసాల్లో వేసి కిటికీ దగ్గర పెట్టింది. వాడు బుద్ధిగా వాటి ముందు కూర్చునేవాడు. ఏమన్నా తెలుస్తోందా అని మరదలు అడిగేది. "తెలుస్తోంది, గాజు చల్లగా ఉంది" అనేవాడు. నాలుగో రోజుకో ఐదో రోజుకో అక్కడ ఐదో సీసా కనపడింది. మరదలు మూత తీసి చూసి లబోదిబోమంది. పెట్రోలు. ఇల్లు తగలబెడతారా అని అరిచింది. లవంగం వాసన గుర్తొచ్చి తనేం చేసుకుంటాడు, తనకి కావాల్సింది ఇదొక్కటే అన్నాడు మా తమ్ముడు. ఆ సీసాని వసారాలో పెట్టుకోనిచ్చాం. చలిలో శాలువా కప్పుకుని దాని ముందు కూర్చునేవాడు. ఏ ఇంటాయనైనా అలా సీసా ముందు కూర్చుంటే ఇంట్లో ఆడవాళ్ళు తిట్టిపోస్తారు. మేం కిటికీలోంచి చూసి ఊరుకునేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే బ్రెడ్డు వ్యాను మొరాయించడం మొదలుపెట్టింది.

వీధి మొదట్లో బేకరీ ఉంది. దాన్ని నడిపే ఆవిడది రాయి మీద రాయి కొట్టినట్టుండే గొంతు. మనిషి మాత్రం మంచిది. తెల్లారకుండానే రొట్టెలు వ్యానులో వేసుకుని దుకాణాలకీ, ఆస్పత్రి క్యాంటీనుకీ, హాస్టలుకీ తనే తోలుకెళ్ళి వేసొస్తుంది. ఎండాకాలంలో ఆ వ్యాను ఇంజను చచ్చిపోతే మా తమ్ముడే వేరే ఇంజను ఎక్కించి, కొత్త పెట్టె బిగించి, పట్టిక నింపిచ్చాడు. ఎండల్లో, వానల్లో గుర్రంలా నడిచింది. పట్టికలోని చలి గడుల్లో అంకెలు మాత్రం అప్పటికి ఉజ్జాయింపుగా వేశాడు. చలి రాకుండా చలికి కొలతెక్కడ? చలి పడ్డాక వచ్చి సరిచేస్తానని ఆవిడకి ముందే చెప్పాడు.

చలి పడింది. అద్దం మీద మంచు గట్టిగా పేరుకున్న మొదటి పొద్దున వ్యాను దగ్గింది, అంటుకుంది, వణికింది, ఆరిపోయింది. మా తమ్ముడు కంప్యూటరు సంచి తగిలించుకుని వెళ్ళాడు. నేనూ శాలువా కప్పుకుని వెంట వెళ్ళాను. వాణ్ణి ఒక్కణ్ణీ పంపబుద్ధి కాలేదు.

మర్నాడు తాళం తిప్పగానే ఇంజను అంటుకుని, తప్పతాగినవాడిలా తూలుతూ నడిచింది. సెన్సరు కళ్ళు తెరిచి, పలచగా ఉందని అంకె చూపించింది. మా తమ్ముడు పెట్రోలు పెంచాడు. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ తూలింది. అంకె ఇంకా పలచగానే ఉందంది. మళ్ళీ పెంచాడు. ఆ తర్వాతి పొద్దున అంటుకోనే లేదు.

ఇంటికొచ్చే దారిలో నాకు విడమరిచి చెప్పాడు. చిక్కదనం మితిమీరితే నిప్పు సరిగ్గా అంటుకోదు. అంటుకోకపోతే గాలి కాలకుండా పొగగొట్టంలోకి వచ్చేస్తుంది. సెన్సరు చూసేది గాలినే కాబట్టి, గాలి మిగిలిందంటే పెట్రోలు తక్కువైందని చెబుతుంది. అది చెప్పేది అబద్ధమని వాడికి తెలుసు, ఇరవై ఏళ్ళుగా తెలుసు. కానీ ఎప్పుడు అబద్ధమాడుతోందో, ఎప్పుడు నిజం చెబుతోందో తేల్చింది ఇన్నాళ్ళూ ముక్కు. ఆకలితో తూలేవాడూ తూలతాడు, తాగి తూలేవాడూ తూలతాడు. నోటి దగ్గర వాసన చూస్తే కదా ఎవడెవడో తెలిసేది. ప్లగ్గులు ఊడదీసి చూడరాదా అన్నాను. చూశాడట, తడిగా ఉన్నాయట. ఎక్కువ పోసినా తడుస్తాయి, అంటుకోకపోయినా తడుస్తాయి.

"అయితే తగ్గించి చూడరా."

"చూస్తానక్కా. రేపు ఇదే చలి ఉండాలిగా."

అదొకటి. మర్నాడు మబ్బు పట్టింది, మంచు లేదు. పెట్టె వేరే గడి చూసుకుంది, ఇంజను చక్కగా అంటుకుంది. బేకరీ ఆవిడ చప్పట్లు కొట్టింది. మా తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏ అంకె వల్ల బాగుపడిందో వాడికి తెలియదు, అసలు బాగుపడిందో లేదో కూడా తెలియదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ మంచు కురిసింది. ఆ పొద్దున మేం వెళ్ళేసరికి వ్యాను గుడగుడలాడుతూ నడుస్తోంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. మేస్త్రికి శ్రమ ఎందుకని తనే వ్యాను తోయించి, నానా తిప్పలు పెట్టి స్టార్ట్ చేయించి, వేడెక్కించి సిద్ధంగా ఉంచిందట. మా తమ్ముడు ఇంజను మూత మీద చెయ్యి వేసి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా పొద్దు తినేశావు కదమ్మా" అన్నాడు. కోపంగా కాదు. చేతిలో ముద్ద కింద పడితే ఎలా అంటామో అలా అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. హాస్టలు వాళ్ళు రొట్టె ఆలస్యమైతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నారని మాత్రం చెప్పింది. తొందరపెట్టడం లేదంటూనే తొందరపెట్టింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా తమ్ముడి పరిస్థితి. ఆవిడకి నిజం చెప్పలేడు, అలాగని అబద్ధంతో బండి అంటుకోదు.

ఆ సాయంత్రం సీసాల ముందు కూర్చుని నన్ను పిలిచాడు. పెట్రోలు సీసా నా ముక్కు దగ్గర పెట్టి ఎలా ఉందో చెప్పమన్నాడు. ఘాటుగా ఉందన్నాను. ఇంకా అన్నాడు. ఇంకా ఏముంది, పెట్రోలు కంపు అన్నాను. రేపు పొద్దున తన పక్కన నిలబడి వాసన చెప్పమన్నాడు. నాకు నిజంగా గర్వమనిపించింది. మా నాన్న ముక్కు వాడికి పొడుగు రూపంలో వస్తే నాకు పనితనం రూపంలో వచ్చిందని మరదలితో గొప్పలు కూడా పోయాను. "ఇక మిమ్మల్ని కూడా మేస్త్రీ అని పిలవాలా వదినా" అంది అది.

మర్నాడు గట్టి చలి. బేకరీ ఆవిణ్ణి లోపల పనుందని పంపించేశాం. వాడు తాళం తిప్పాడు. ఇంజను పట్టుకుంది, తూలింది. నేను పొగగొట్టం వెనక వంగాను.

"చెప్పక్కా."

"పెట్రోలు కంపు."

"అది కాదు. కళ్ళు మండుతున్నాయా, గొంతులో గీరుతోందా?"

రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువని అడిగాడు. కొంచెం తియ్యగా ఉందా, కొత్త ఇనుము నాలుక మీద పెట్టుకున్నట్టుందా అని అడిగాడు. అలా ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నేను పుట్టి ఎప్పుడైనా పొగగొట్టాలు వాసన చూశానా? నాలుగు పీల్పులయ్యేసరికి ఆ కంపు నాకు తెలియడమే మానేసింది. పోయిందేమిటి, తగ్గిందా అనుకున్నాను. తగ్గిందిరా, పలచబడింది అన్నాను. వాడు నా మాట నమ్మి పెంచాడు. ఇంజను ఒక్కసారి గుటకేసి చచ్చిపోయింది. పొగగొట్టంలోంచి నల్లటి నీళ్ళు కారాయి.

కంపులోనే నిలబడితే ముక్కు మొద్దుబారుతుందని వాడు తర్వాత చెప్పాడు. వాడెప్పుడూ ఒక్క పీల్పు పీల్చి మొహం తిప్పేసుకునేవాడు. అది నాకు చెప్పడం మర్చిపోయాడట. మర్చిపోయింది కాదు. తనకి ఊపిరి తీసుకున్నంత మామూలైన సంగతి కాబట్టి, చెప్పాల్సినదని తోచలేదు. ఒకరి ముక్కు ఇంకొకరికి అరువివ్వడం కుదరదు. ఇచ్చినా, దానితో మాట్లాడే భాష ఇవ్వలేం.

ఇంటికొచ్చాక వాడు అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికాడు. నేను పక్కనే కూర్చున్నాను.

ఆ మర్నాడు ఎండెక్కి వ్యాను అంటుకున్నాక, వాడే దాన్ని తోలుకుని కింది వీధి షెడ్డుకి వెళ్ళాడు. ఆ షెడ్డువాడు నలభై ఏళ్ళవాడు, ఒకప్పుడు మా తమ్ముడి దగ్గరే పని నేర్చుకుని, మాట తేడా వచ్చి వేరు పడ్డాడు. ఇద్దరూ వీధిలో ఎదురుపడితే ఆకాశం చూసుకుంటూ పోతారు. మా తమ్ముడు వాడి బల్ల మీద కంప్యూటరు తెరిచి, ఏ పొద్దున ఏ అంకె వేశాడో, ఎంత చలికి ఏం జరిగిందో, ఏమీ దాచకుండా చెప్పాడట. చెప్పి, నాకు వాసన రావడం లేదు, నువ్వు చూడు అన్నాడట. ఈ మాటలు తర్వాత మా తమ్ముడు చెప్పినవి కావు, షెడ్డువాడి భార్య మరదలికి చెప్పింది. తన మొగుడు గెలిచినవాడిలా నవ్వుతాడనుకుందట ఆవిడ. వాడు నవ్వలేదు. "నాకు మీ అంత పట్టదు అన్నా, నేనూ సగం చెవితోనే లాక్కొస్తాను" అన్నాడట. అయినా మూడు నాలుగు చలి పొద్దుల్లో వ్యాను దారికొచ్చింది. వాడికి సగం ముక్కయినా ఉంది మరి.

బేకరీ ఆవిడ మా ఇంటికొచ్చి, మేస్త్రీ మీరే మొదలుపెట్టారు, ఆయన పైపైన ముగించాడంతే, అని గట్టిగా మర్యాద మాటలు చెప్పి వెళ్ళింది. ఆవిడకి ఎంత తెలుసో నాకు తెలియదు. వారం తిరిగేసరికి వీధికంతా తెలిసిపోయింది. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందటగా అని చెప్పుకోవడానికైనా ఆ పేరు ఉండాలిగా.

ఇప్పుడు వాడు మధ్యాహ్నం పన్లే చేస్తాడు. బ్రేకులు, బేరింగులు, వేడి ఇంజన్లు. చలి పొద్దున ఎవరైనా వస్తే కింది వీధికి పంపిస్తాడు. సీసాలు ఇంకా కిటికీలో ఉన్నాయి. మరదలు అల్లం ఎండిపోతే కొత్తది వేస్తుంది. ఏమన్నా తెలుస్తోందా అని ఇప్పుడు అడగడం మానేసింది.

మొన్న బాగా మంచు కురిసిన పొద్దున వాడు పక్క మీద లేడు. చెప్పులు లేవు, శాలువా మాత్రం కొక్కేనికే ఉంది. ఎక్కడికెళ్ళాడో అని దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ పోయాను. కింది వీధి షెడ్డుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. షెడ్డు ముందు ఎవరిదో కారు. షెడ్డువాడు లోపల కూర్చుని తాళం తిప్పుతున్నాడు. ఇంజను పట్టుకుని తూలడం మొదలుపెట్టింది. నేను శాలువా వాడి భుజాల మీద వేశాను.

"చిక్కనా, పలచనా?" అని అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"తెలీదక్కా."

కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నల్లటి పొగ రోడ్డు దాటి మా మీదికి వచ్చింది. కళ్ళు మండి నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. వాడు పొగకి ఎదురుగా మొహం పెట్టి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీలుస్తున్నాడు. ఒక్క పీల్పుతో మొహం తిప్పేసుకోలేదు. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.